ప్రత్యామ్నాయమా, బదులా? ఇంధనం పక్కన ఏ మాట పెట్టాలి?

పోయిన వారం మన గుంపులో ఒక తమ్ముడు అడిగాడు: "పదో తరగతి పిల్లలకు పాఠం చెప్తున్నా. ప్రత్యామ్నాయ ఇంధనం అంటే వాళ్లకు నోరు తిరగట్లేదు. తేలిక మాట ఏమన్నా ఉందా?" బదులు ఇంధనం, మారు ఇంధనం, కొత్త ఇంధనం అని చాలామంది రాశారు. నేను రాయలేదు. ఆ పెద్ద మాటను తీసి పక్కన పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. ఎందుకో చెప్పాలంటే మా తాత కర్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మిర్యాలగూడలో, పదకొండో రోజు. అయ్యగారు మంత్రం చెప్తూ గోదానం దగ్గర ఆగారు. ఆవు లేదు. "గోప్రత్యామ్నాయంగా యథాశక్తి ద్రవ్యం పెట్టండి" అన్నారు. మా పెదనాన్న తమలపాకు మీద నూట పదహార్లు పెట్టి నీళ్లు వదలబోయాడు. అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆవు ధర ఎంతో మీకు తెలుసు. అంతా ఇవ్వమని నేను అనను. దేనికి మారుగా ఇస్తున్నారో మాత్రం ఒకసారి తలుచుకుని వదలండి" అన్నారు. పెదనాన్న కాసేపు ఊరుకున్నాడు. తర్వాత జేబులోంచి ఇంకో రెండు ఐదువందల నోట్లు తీసి పెట్టాడు. ఆ నోట్ల కింద తమలపాకు కనపడలేదు.

ఆ మాట నా చెవిలో అప్పుడే పడింది. తర్వాత వెతికి చదువుకున్నాను. ఆమ్నాయం అంటే వేదం, పరంపరగా వచ్చిన పాఠం. ధర్మశాస్త్రాల్లో ప్రాయశ్చిత్తాలు చెప్పే చోట ప్రత్యామ్నాయం కనిపిస్తుంది. ప్రాజాపత్య కృచ్ఛ్రం అని పన్నెండు రోజుల ఉపవాస వ్రతం ఉంది. అది చేయలేనివాడు ఒక ఆవును దానం ఇవ్వొచ్చు, లేదా పదివేల గాయత్రి చేయొచ్చు. ఇవి దానికి ప్రత్యామ్నాయాలు. చేతికి అందినదల్లా ప్రత్యామ్నాయం అయిపోదు. అసలుదానికి సరితూగాలి. పైగా, ప్రాయశ్చిత్తం దగ్గరైతే తప్పు ఒకటి జరిగిందని ఒప్పుకున్న తర్వాతే ఈ మాట పుడుతుంది.

ఇప్పుడు పేపర్లలో "ప్రత్యామ్నాయ మార్గం", "ప్రత్యామ్నాయ రాజకీయాలు" అని రాస్తే "ఇంకొకటి" అనే అర్థమే మిగిలింది. ఇంధనం దగ్గర మాత్రం పాత అర్థం బతికించుకోవాలని నా కోరిక. బొగ్గు, పెట్రోలు కాల్చి గాలిని పాడుచేశాం, దానికి మారుగా ఒకటి పెడుతున్నాం. పెట్టింది సరితూగుతుందా? అక్కడే దేశానికీ దేశానికీ తేడా వస్తుంది. తక్కెడ అందరి దగ్గరా ఉంది, పళ్లెంలో ఏది వేసి తూస్తున్నారన్నదే వేరు.

బ్రెజిల్ సంగతే చూడండి. 1973లో చమురు ధర ఒక్కసారిగా ఎగబాకింది. అప్పట్లో ఆ దేశానికి సొంత చమురు తక్కువ, చెరకు మాత్రం బోలెడు. 1975 నవంబరులో ప్రోఆల్కూల్ అని పథకం పెట్టి చెరకు నుంచి ఇథనాల్, అంటే బండ్లలో పోసే ఒక రకం ఆల్కహాలు, పెద్ద ఎత్తున తీయడం మొదలుపెట్టారు. 2003 నుంచి పెట్రోలు పోసినా, ఇథనాల్ పోసినా నడిచే కార్లు వచ్చాయి. వాళ్లు తూచింది విదేశీ మారకం, రైతు, మిల్లు. తూచనిది మడ్డి నీళ్లు. లీటరు ఇథనాల్‌కు పది లీటర్లకు పైగా ముదురు రంగు మడ్డి మిగులుతుంది. మొదట్లో అది నదుల్లోకి పోయింది. చేపలు చచ్చాక నదుల్లో వదలొద్దని నిషేధం పెట్టి, పొలాలకు ఎరువుగా మళ్లించారు.

అమెరికా మక్కజొన్నను పట్టుకుంది. 2005లో, మళ్లీ 2007లో చట్టం చేసి పెట్రోలులో ఇథనాల్ లాంటివి కలపడం తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఆ దేశపు మక్క పంటలో మూడో వంతుకు మించి ఇథనాల్‌కే పోతోంది. 2007 జనవరిలో మెక్సికోలో మక్క రొట్టె ధర పెరిగిందని జనం వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది కొందరు శాస్త్రవేత్తలు కొత్త లెక్క ఒకటి ముందుకు తెచ్చారు. ఇక్కడ తిండిగింజను బండిలో పోస్తే, ఆ లోటు పూడ్చడానికి ఇంకెక్కడో అడవి నరుకుతారు, ఆ పొగ కూడా ఈ ఇథనాల్ ఖాతాలోనే రాయాలి అని. పెద్ద వాదం జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. తాత కర్మ రోజు అయ్యగారు అడ్డం పెట్టిన చెయ్యి నాకు ఆ లెక్కలో కనిపించింది.

అందుకే నా ఓటు ప్రత్యామ్నాయానికి. "కొత్త ఇంధనం" అంటే ఈ తూకం అంతా మాయమవుతుంది. మీ మాట చెప్పండి.

మహబూబ్‌నగర్ నుంచి ఒక పెద్దమ్మ:

బిడ్డా, ఇంధనం అనే మాటే మా ఇండ్లల్ల లేదు. కట్టెలు, పిడకలు, కంది కట్టె, పత్తి కట్టె. పుస్తకంల వంటచెరకు అని ఉండేది. నూనెలకు మాత్రం రెండు పేర్లు గట్టిగ ఉండె. మంచినూనె, గాసునూనె. గాసునూనె అంటే కిరోసిన్. మా అమ్మ మంచినూనె సీసా దేవుని గూటి కింద పెట్టేది, గాసునూనె సీసా తలుపు మూలకు, మూతికి గుడ్డ చుట్టి. గరాట్లు కూడ రెండు. ఒకదాని గరాటు ఇంకొక దాంట్ల పెడితే వీపు పగిలేది. తినేది వేరు, కాలేది వేరు అని మాకు చిన్నప్పుడే తెలుసు.

నా జవాబు:

పెద్దమ్మా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆ రెండు గరాట్ల మీదే ప్రపంచమంతా కొట్లాడుతోంది.

ముందు వంటచెరకు. పొయ్యిలో పెట్టే కట్టెకు మనం చెరకు అని పేరు పెట్టుకున్నాం, బ్రెజిల్ వాళ్లు నిజం చెరకునే కాలుస్తున్నారు. రసం ఇథనాల్‌కు, పిప్పి బాయిలర్ కిందికి, దాంతో కరెంటు కూడా. వంటచెరకును ఇంత అక్షరాలా పాటించిన దేశం ఇంకొకటి లేదు.

ఇక మంచినూనె. ఇండోనేషియాలో పామాయిల్‌ను డీజిల్‌లో కలుపుతారు. 2022లో నూటికి ముప్పై పాళ్లు, 2025 నుంచి నలభై. అదే పామాయిల్‌ను మన దేశం వంటకు కొనుక్కుంటుంది. 2022 ఏప్రిల్ చివర్లో ఆ దేశం ఎగుమతి ఆపేసింది, మే 23 దాకా. ఆ రోజులు నాకు బాగా గుర్తు. మా వీధి కిరాణా కొట్లో ప్యాకెట్ ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అక్కడ రెండు గరాట్లూ ఒకే సీసాలోకి దిగాయి.

యూరప్ తూకం ఇంకొకటి. 2009లో బండ్లు తాగే ఇంధనంలో పదో వంతు పునరుత్పాదకమే ఉండాలని నియమం పెట్టింది వాళ్లే. ఆ నియమం వల్లే పామాయిల్ ఓడలు యూరప్ వైపు కదిలాయి. పామాయిల్ తోటల కోసం అడవులు, బురదనేలలు పోతున్నాయని తెలిశాక 2018లో చట్టం మార్చి, 2030 నాటికి పామాయిల్‌ను ఆ లెక్కలోంచి తీసేసే దారి పట్టారు. ఇండోనేషియా దాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా తీసుకుపోయింది. అడవి లెక్క నిజమే, ఆ తోటల మీద బతికే చిన్న రైతుల లెక్కా నిజమే. నాకు బాధ కలిగించేది ఒకటే. నియమం పెట్టినవాళ్లూ, దాన్ని మార్చినవాళ్లూ ఆ అడవి పక్కన ఉండరు.

నారాయణపేట వైపు నుంచి ఒక టీచరమ్మ:

మీ వాదం బాగుంది గానీ బదులును అంత తేలిగ్గా తోసెయ్యకండి. "చేబదులు" మర్చిపోయారా? మా వైపు ఇప్పటికీ పొరుగింటికి పోయి సోలెడు బియ్యం, గిన్నెడు చక్కెర బదులు తెచ్చుకుంటాం. బదులంటే మారు, జవాబు, అప్పు కూడా. కాగితం లేని, వడ్డీ లేని అప్పు. తీసుకున్న చేతికే తిరిగి పెట్టాలి. ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని మరికల్ మండలం చిత్తనూరు ధర్నాకు కూర్చుంది, అటు రాజోలి మండలం పెద్ద ధన్వాడ కూర్చుంది. వాళ్లు అడుగుతున్నది ఇదే కదా. మా నీళ్లు, మా గాలి తీసుకుంటున్నారు, ఎవరి చేతికి తిరిగి పెడతారు?

నా జవాబు:

అక్కా, ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను, సంతోషంగా. చేబదులు నాకు తట్టనే లేదు. ప్రత్యామ్నాయంలో తూకం ఉంటే, బదులులో తూకంతో పాటు అప్పు ఇచ్చిన మనిషి కూడా ఉన్నాడు.

మన దేశం లెక్క కొంచెం వివరంగా చూద్దాం. పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలపాలన్నది మొదట 2030 గడువు. దాన్ని 2025-26కు ముందుకు జరిపారు, 2025లోనే అందుకున్నారు. చమురు దిగుమతి బిల్లు తగ్గాలి, పంటకు ధర రావాలి, బండి పొగ తగ్గాలి. మూడూ మంచి కారణాలే. ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడిపోతుంది, అదీ నడుపుతున్న అందరికీ తెలిసిందే.

నీళ్ల దగ్గర సంగతి వేరు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనే ఉంది: చెరకు నుంచి వచ్చే ఒక్క లీటరు ఇథనాల్ వెనుక సుమారు 2,860 లీటర్ల నీళ్లు ఉంటాయి. అందుకని గింజల వైపు తిరిగారు. నూకలు, మక్కలు. 2023 జూలైలో ప్రభుత్వ గోదాముల బియ్యం ఇథనాల్‌కు ఇవ్వడం కొంతకాలం ఆపారు, దాంతో భారమంతా మక్కల మీద పడింది. మక్కలు బయటికి అమ్మే దేశం 2024లో బయటి నుంచి కొనుక్కుంది. కోళ్ల ఫారాలవాళ్లు దాణా ధర చూసి లబోదిబోమన్నారు.

బ్రెజిల్ చెరకు ఎక్కువగా వానకు పండుతుంది. మన పాలమూరులో బోరు వెయ్యి అడుగులు దిగినా దుమ్మే వచ్చిన ఊళ్లున్నాయి. వలస బస్సులెక్కిన జిల్లా ఇది. బ్రెజిల్ తూకపు రాళ్లు తెచ్చి ఇక్కడ తూస్తే ఎట్లా సరిపోతుంది? ఇథనాల్ చెడ్డదని నేను అనడం లేదు. ఏ ఊరి నీళ్లను బదులు తీసుకుంటున్నారో ఆ ఊరిని అడిగి తీసుకోవాలంటున్నాను.

దేవరకొండ నుంచి ఒక అన్న:

ఒక సందేహం. ఇంధనం అంటే మండేది కదా? మరి యురేనియంను అణు ఇంధనం అంటారేంది? 2003లో లంబాపూర్, పెద్దగట్టు గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు ఈ మాట మొదటిసారి విన్న. సాగర్ నీళ్ల పక్కన గని ఏందని అందరం భయపడ్డం. పొగ రాదు, మంచి ఇంధనం అన్నరు.

నా జవాబు:

అవునన్నా, సంస్కృతంలో "ఇంధ్" అంటే రగిలించడం. ఇంధనం అంటే రగిలేది. యురేనియంకు మంట లేదు, వేడి ఉంది. ఆ వేడిని బట్టి మాట సాగింది. సాగడంలో తప్పు లేదు.

తూకంలో తేడాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. ఫ్రాన్స్ కరెంటులో సుమారు మూడింట రెండు వంతులు అణుశక్తిదే. సరిహద్దు దాటితే జర్మనీ. అక్కడ చివరి మూడు అణు కేంద్రాలనూ 2023 ఏప్రిల్ 15న మూసేశారు. ఒకరు బయటి చమురు మీద ఆధారపడటాన్ని తూచారు, ఒకరు వ్యర్థాలను, ప్రమాద భయాన్ని తూచారు. ఇక్కడ మన తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వొద్దని తీర్మానం చేసింది. అమ్రాబాద్ చెంచుల అడవిని, కృష్ణ నీళ్లను పళ్లెంలో వేశారు. అటు నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం లేచింది. రెండూ మన నిర్ణయాలే, రెండూ పక్కపక్కనే పెట్టి చూసుకోవాలి.

గద్వాల నుంచి ఒక తమ్ముడు (మొదట అడిగినవాడు):

అన్నా, స్వచ్ఛ ఇంధనం అని పెడితే? పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

నా జవాబు:

తమ్ముడూ, ఆ ఒక్కటి మాత్రం వద్దు. మా ఊరు రైస్ మిల్లుల ఊరు. బాయిలర్ల కింద వడ్ల ఊక కాలుస్తారు. చిన్నప్పుడు ఊకను ఊరికే తీసుకుపొమ్మనేవారు, ఇప్పుడు దానికి ధర ఉంది. బొగ్గుకు బదులు ఊక, మంచిదే. వరి పెరిగేటప్పుడు పీల్చుకున్న బొగ్గుపులుసు గాలే కాల్చినప్పుడు బయటికి వస్తుంది కాబట్టి లెక్కలో అది సున్నా. కానీ మా డాబా మీద నాన్న తెల్ల పంచె ఆరేస్తే సాయంత్రానికి నల్లటి నుసి చుక్కలు పడి ఉంటాయి. చేత్తో తుడిస్తే గీత పడి ఇక పోదు. అమ్మ పైనుంచి అరిచేది, "తుడవకు, ఊదు!" అని. ఇద్దరం పంచెను చెరో కొసా పట్టుకుని ఊదేవాళ్లం. ఆ నుసి ఏ దేశపు లెక్కలోనూ ఎక్కదు. స్వచ్ఛం అని ముందే పేరు పెట్టేస్తే పిల్లలు ఆ పంచె సంగతి అడగరు.

నారాయణపేట అక్క మాటే ఖాయం చేద్దాం. "బదులు ఇంధనం" అని చెప్పు. ఎవరి దగ్గర బదులు తీసుకున్నట్టు అని పిల్లల్నే అడుగు. చెప్పడానికి ఒక మంచి కథ కూడా ఉంది. ఆదిలాబాద్ వైపు పవర్‌గూడ అనే గిరిజన గూడెం. ఆడవాళ్ల సంఘం కానుగ చెట్లు పెట్టి, గింజల నుంచి నూనె తీసింది. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు గాలికి 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు కట్టింది, వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు వల్ల వెలువడిన పొగకు మారుగా. సొమ్ము చిన్నదే. అది వచ్చి పడింది మాత్రం చెట్టు పెట్టిన చేతుల్లోనే.

పెద్దమ్మా, మిమ్మల్ని ఒకటి అడగాలి. గాసునూనె రాకముందు మీ అమ్మమ్మగారి ఇంట్లో దీపానికి ఏ నూనె? మా వైపు కొందరు ఆముదం అంటారు, కొందరు కానుగ అంటారు. ఆ మూడో సీసాకు మీ ఊళ్లో ప్రత్యేకంగా పేరు ఉండేదా?