అతిమధురం రోజూ తింటే బీపీ పెరుగుతుందా?

సాధన:
కచ్చేరీకి ముందు అతిమధురం వేరుముక్క చప్పరించడం గురువుగారి దగ్గర అబ్బిన అలవాటు. రెండు నెలలుగా చూర్ణం కూడా రోజూ రెండు చెంచాలు తేనెతో తీసుకుంటున్నాను. మొన్న బీపీ 150/96 వచ్చింది. నా వయసు 34. డాక్టరు అతిమధురం ఆపమన్నారు. గురువుగారు నవ్వేశారు. ఎవరి మాట వినాలి?

మూలికావనం:
గురువుగారి మాటే. ఆయుర్వేదం దీన్ని కంఠానికి హితమని చెప్పింది. ఊరగాయలనూ నిద్రలేమినీ వదిలేసి పాపం వేరు మీద పడతారెందుకు?

ఉప్పునీరు:
ఇది నవ్వే విషయం కాదు. ఉప్పును పట్టి ఉంచమని మూత్రపిండానికి చెప్పవలసింది ఆల్డోస్టిరాన్ అనే హార్మోను. ఆ కబురు అందుకునే గ్రాహకం మరో హార్మోను అయిన కార్టిసాల్‌నూ అంతే ఆదరంగా పిలుస్తుంది. పైగా రక్తంలో కార్టిసాల్ వందల రెట్లు ఎక్కువ. అందుకే 11-బీటా-హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజనేజ్ రెండో రకం అనే ఎంజైము (పేరు చదవడానికే ఊపిరి పట్టాలి) అక్కడ కాపలా ఉండి, వచ్చిన కార్టిసాల్‌ను వచ్చినట్టే కార్టిసోన్‌గా మార్చేస్తుంది. కార్టిసోన్ ఆ గ్రాహకానికి అతకదు. అతిమధురంలోని గ్లైసిరైజిన్ పేగుల్లో గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారి ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది. ఇక కార్టిసాలే ఆ గ్రాహకాన్ని పట్టుకుంటుంది. సోడియం నిలుస్తుంది, పొటాషియం పోతుంది, బీపీ పెరుగుతుంది. పరీక్షలో ఆల్డోస్టిరాన్ మాత్రం తక్కువే కనిపిస్తుంది, తికమకంతా అక్కడే. పుట్టుకతో ఈ ఎంజైము లోపించిన పిల్లలకు పసితనంలోనే తీవ్రమైన బీపీ వస్తుంది. వాళ్లేమీ అతిమధురం తినలేదు కదా!

మూలికావనం:
అదంతా విడదీసిన సారంతో వచ్చే బాధ. పూర్తి వేరు సంగతి వేరు.

ఉప్పునీరు:
1946లో నెదర్లాండ్స్ వైద్యుడు రెవర్స్ కడుపు పుండుకు అతిమధురం ఇచ్చినప్పుడు కొందరికి ఒళ్లు వాచింది. అది సారమే, ఒప్పుకుంటాను. కానీ లెక్క వేయండి. ఐరోపా నిపుణుల సంఘం సూచించిన హద్దు రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్. చూర్ణంలో అది 5 శాతం ఉంటే 2 గ్రాములకే హద్దు నిండుతుంది. రెండు చెంచాలు ఎన్ని గ్రాములో తూచి చూడండి.

చరకపథం:
నేను ఆయుర్వేదం చదివినవాడినే. బీపీ ఉన్నవారికి, గర్భిణులకు దీన్ని వారాల తరబడి ఇవ్వను. అయితే కచ్చేరీ నాడు చప్పరించే ముక్కనూ రోజూ తినే చూర్ణాన్నీ ఒకే గాటన కట్టకండి.

సాధన:
పొటాషియం రిపోర్టు ఇప్పుడే వచ్చింది, 3.1, తక్కువే. చూర్ణం ఆపేశాను. ముక్క ఒక్కటైతే పరవాలేదా?

ఉప్పునీరు:
ప్రస్తుతానికి అదీ వద్దు. ఆపాక కూడా ఆ ప్రభావం వారాల పాటు ఉండవచ్చు. ఆ 3.1 ఈరోజే డాక్టరుకు చూపించండి.

చరకపథం:
దీనికి నాదీ అదే మాట.