‘పర్వాజ్ రా బె ఖాతెర్ బెస్పార్’: ఫొరూగ్ పాదాలను తెనిగించడం గురించి

మిత్రులకు నమస్కారం. ఇరాన్ కవయిత్రి ఫొరూగ్ ఫరోఖ్‌జాద్ రాసిన ‘పర్వాజ్ రా బె ఖాతెర్ బెస్పార్ / పరందె మొర్దనీస్త్’ అన్న పాదాలను తెలుగులో ఎలా చెప్పాలన్న ప్రశ్నకు నాకు తోచినది రాస్తున్నాను.

‘పర్వాజ్’ అంటే ఎగరడం. దాని పక్కనున్న ‘రా’ మన ‘ని’ లాంటి ద్వితీయా విభక్తి. ‘బెస్పార్’ అన్నది ‘సెపొర్దన్’ క్రియకు ఆజ్ఞార్థక రూపం. ‘బె ఖాతెర్ సెపొర్దన్’ వాడుకలో గుర్తుంచుకోవడమే అయినా, విడదీస్తే మనసుకు అప్పగించడం అవుతుంది. ‘వాడు ఎవరినీ ఖాతరు చేయడు’ అని మనం అనే ఖాతరు ఈ ఖాతెరే. అరబ్బీలో పుట్టి, పారసీకం, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చేసరికి దానిలోని ‘మనసు’ జారిపోయి, ‘లక్ష్యపెట్టడం’ అన్న అర్థం మాత్రమే నిలిచింది. ‘గుర్తుంచుకో’ అని సరిపెడితే అప్పగింత మాయమవుతుంది. ఒకరి చేతిలోనుంచి మరొకరి చేతికి భద్రంగా అందించే ఆ భావమే ఈ పాదానికి ప్రాణమని నా నమ్మకం.

‘పరందె’ అంటే పక్షి. ‘మొర్దనీ’ అంటే చనిపోవలసినది, చావు రాసిపెట్టి ఉన్నది. ‘నశ్వరం’, ‘మర్త్యం’ అనే మాటలు అర్థానికి సరిపోతాయి గానీ, ఇంట్లో మాట్లాడుకునే ‘మొర్దన్’ (చావడం) క్రియ ముందు శాస్త్రవాక్యాల్లా బరువెక్కుతాయి. ‘పోయేదే’ అందామంటే ఎగిరిపోవడమనే అర్థం కూడా వచ్చి, పాదం మొత్తం తారుమారవుతుంది.

టెహరాన్‌లో పుట్టిన ఫొరూగ్ కవిత్వానికే పరిమితం కాలేదు. ఇటాలియన్ నాటకకర్త పిరాండెల్లో నాటకం ‘ఆరు పాత్రలు రచయితను వెతుక్కుంటూ’లో నటించారు, తబ్రీజ్ దగ్గరి బాబాబాగీ కుష్ఠురోగుల ఆశ్రమం మీద 1962లో ‘ఇల్లు నల్లనిది’ అనే లఘుచిత్రం తీసి, దానిలో తన గొంతుతోనే వ్యాఖ్యానం చదివారు. 1967 ఫిబ్రవరి 13న కారు ప్రమాదంలో కన్నుమూసేనాటికి ఆమె వయసు 32 ఏళ్లు. ఈ కవిత ఆమె మరణానంతరం వచ్చిన సంపుటిలో ఉంది కాబట్టి, చాలామంది ఈ పాదాలను ఆమె తన చావును ముందే చెప్పిన జోస్యంగా చదువుతారు. ఆ పఠనం కవితను ఇరుకు చేస్తుందని నా అభిప్రాయం. కవిత ‘నా మనసు బరువెక్కింది’ అని రెండుసార్లు అంటూ మొదలవుతుంది. వరండాలోకి వెళ్లి, బిగుసుకున్న రాత్రి చర్మాన్ని వేళ్లతో తడుముతుంది. తనను సూర్యుడికి పరిచయం చేసేవారు గానీ, పిచ్చుకల విందుకు తీసుకువెళ్లేవారు గానీ లేరంటుంది. అంతదాకా ‘నేను’ అంటున్న గొంతు ఆ తర్వాతే, ఈ పాదాల్లో, హఠాత్తుగా ‘నువ్వు’ వైపు తిరుగుతుంది. ముందు పిచ్చుకలు వచ్చాయి గనుక ‘పక్షి’ కన్నా ‘పిట్ట’ దగ్గరి మాట.

వీటన్నిటినీ దృష్టిలో పెట్టుకుని నేను చేసిన అనువాదం ఇది:

‘ఎగరడాన్ని మనసుకు అప్పగించు,
పిట్ట చచ్చిపోయేదే.’

‘చచ్చిపోయేదే’ కొందరికి మోటుగా వినిపించవచ్చు. ‘చనిపోయేదే’ అంటే గౌరవం వస్తుంది గానీ, మూలంలోని నిక్కచ్చితనం సడలుతుందేమోనని నా సందేహం. పారసీకం చదివిన సభ్యులు దీనిపై ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.