మోటుపల్లి శాసనంలో కూపశుల్కమా, క్లృప్తశుల్కమా?

కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఓడవర్తకుల కోసం వేయించిన అభయశాసనం (క్రీ.శ. 1244)లో "అసుభ్యోఽపి గరీయో ధనమితి" అన్న వాక్యం ఉంది కదా. ప్రాణంకన్నా ధనమే గొప్పదని సముద్రానికి తెగించినవాళ్లకు సుంకం మినహా అంతా వదిలేస్తున్నామని. ఆ "శుల్కాదృతే" (సుంకం తప్ప) ముందు పదం ఏది? తెలుగు పుస్తకాల్లో కూపశుల్కమనే చూస్తున్నాం.

— కూపమే. "కూపకో గుణవృక్షకః" అని అమరకోశం. నుయ్యి కాదు, ఓడ స్తంభం. స్తంభం లెక్కన కట్టే రేవు సుంకం.

— అమరంలో ఉన్నది కూపకమండీ, కూపం కాదు. పైగా స్తంభానికి ఇంత అని శాసనం ఎక్కడా అనదు. ఆ వెంటనే సుంకం పరిమాణం చెబుతూ ఎగుమతి దిగుమతులకు 30కి 1 అంటుంది. తర్వాత గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, మిరియాలు. అన్నీ సరుకులే, ఓడ లెక్క ఒక్కటీ లేదు. కాబట్టి క్లృప్తశుల్కం, ముందే నిర్ణయించిన సుంకం. మనం "క్లుప్తంగా" అని వాడీ వాడీ ఆ మాటకు కొంచెమనే అర్థం తగిలించుకున్నాం.

— వ్యాకరణం తేల్చదు, ఋతే (తప్ప) యోగంలో పంచమీ విభక్తి రెంటికీ సరిపోతుంది. ఆ భాగం వచనం, ఛందస్సూ సాయపడదు. మిగిలింది లిపి. కూప అని చదవాలంటే ఌత్వం (క్లృలో క కింది గుర్తు) ఊకార దీర్ఘంగా కనబడాలి, త వత్తు కూడా చెరిగిపోవాలి. ఒకే పదంలో రెండు పొరపాట్లా?

— అసలు బలం "క్లృప్త"లోనే ఉంది. పూర్వరాజులు గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల్లోని కనక, కరి, తురగ, రత్నాలు బలాత్కారంగా లాక్కునేవారని శాసనమే చెబుతుంది. రాజు చేతివాటం పోయి రేటు రాతికెక్కింది. 1358లో అదే రేవులో రెడ్డిరాజు అనపోతారెడ్డి వేయించిన శాసనం ఇంకో అడుగు వేసి, కొడుకుల్లేని వర్తకుడి సొత్తు రాజు తీసుకునే అపుత్రికాన్నీ వదిలేసింది.

— తురగ, అంటే గుర్రం, అనగానే శ్రీనాథుడే. ఓడవర్తకుడు అవచి తిప్పయసెట్టికి హరవిలాసం అంకితమిస్తూ "హురుమంజి బలుతేజి హరులు దెచ్చి" (హొర్ముజ్ నుంచి మేలుజాతి గుర్రాలు తెచ్చి) అన్నాడు. ఆ సీసంలో పాదపాదానికీ ఓడ దిగుతున్నట్టే ఉంటుంది!

— హురుముంజి అనే పాఠమూ ఉందండీ.

— శ్రీనాథుడి దగ్గరికి వెళితే ఇక వెనక్కి రాం. అచ్చుపుస్తకం కాదు, ఎస్టాంపేజీ (శాసనం మీద కాగితం అద్ది తీసిన సిరా ముద్ర) ఉన్నవాళ్లు ప కింద త వత్తు ఉందో లేదో చూసి చెప్పండి.