డీలరు దగ్గర పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) పికప్: ఏమేం చూడాలి?

దేవరకొండ రైతు:
మాది బత్తాయి తోట. వానలు పడితే మామూలు బండి బాటలోనే దిగబడుతుంది. నల్లగొండలో ఒక డీలరు దగ్గర 2018 ఇసుజు వీ-క్రాస్ చూశాను. కొత్తదానిలా మెరుస్తోంది, అదే నా అనుమానం. కొనవచ్చా?

మిర్యాలగూడ మెకానిక్:
మెరుపు సంగతి వదిలేయండి అన్నా, కింద పడుకొని ఛాసిస్ (బండి అడుగు చట్రం) చూడండి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే సుత్తితో మెల్లగా తట్టండి, తుప్పు ఉంటే పొరలుగా రాలుతుంది. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ కొంచెం తీయించండి. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. ముందరి చక్రాల లోపలి రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగాయేమో చూడండి. ఫోర్-లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు ఇచ్చే గేరు) తప్పక వేసి నడపండి, అయితే తారు రోడ్డు మీద కాదు, మట్టిలో. బానెట్ మీద చెయ్యి పెట్టి, ఇంజిన్ చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయండి.

మహబూబ్‌నగర్ నుంచి:
ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, అది తొలగించాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఆంధ్ర బండి అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

దేవరకొండ రైతు:
ఆయిల్ తీయనివ్వనంటే?

మిర్యాలగూడ మెకానిక్:
అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.