డిసెంబరు సేవాయాత్ర: ఒడిశాలోని పర్లాకిమిడిలో ఏర్పాట్లు, ఎవరు ఏ పని చూస్తారు?

సమన్వయం (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. అమెరికాలోని మన సంఘం పిల్లలు సెలవులకు వస్తున్నారు, ఇక్కడి కాలేజీ పిల్లలు వాళ్లతో కలుస్తారు. పనులు పంచుకునేముందు ఒక్క విషయం తేల్చుకుందాం. ముసాయిదాలో మొదటిరోజే కొండ ఊళ్లో దుప్పట్లు, నోటుపుస్తకాల పంపిణీ అని రాశారు. అది తీసేద్దామండి. ఒకరు ఇస్తూ, ఒకరు వరసలో నిలబడి తీసుకుంటూ ఉంటే పరిచయం ఎక్కడ కుదురుతుంది? ఫొటోలు తప్ప ఏమీ మిగలదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్లోనే మాస్టారుగా ఉండేవారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకు బడి పెట్టాలనుకుని ముందు తానే వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఏటా ఆగస్టు 29న ఆయన్ని తలుచుకుంటున్నాం కదా, కొండెక్కేటప్పుడు ఆ పద్ధతి కూడా మనకు ఉండాలి.

ఇంకో సంగతి మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. 1971లో మద్రాసు నుంచి కొందరు విద్యార్థులు బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో పనిచేయడానికి వెళ్లారు. ఆ ఏడే ఒడిశాలో తుఫాను వస్తే ఇటు వచ్చారు. వాళ్లలో జో మడియత్ గారు ఇక్కడే ఉండిపోయారు. 1979లో బరంపురం ప్రాంతంలో మొదలైన గ్రామ్ వికాస్ అనే సేవాసంస్థ అలా వచ్చిందే. ఊళ్లోకి కుళాయి నీళ్లు రావాలంటే ఒక్క ఇల్లు కూడా మిగలకుండా అందరూ పనిలో చేరాలని వాళ్ల షరతు. పేదా గొప్పా అందరి ఇళ్లకూ ఒకేలాంటి కుళాయి. నాకు ఆ షరతు చాలా ఇష్టం.

మనం వెళ్లే ఊరి పెద్దలు అడిగింది కూడా నీళ్ల పనే: ఊట దగ్గర పూడిక తీసి, చుట్టూ రాళ్లు పేర్చడం. మొన్న చూడటానికి వెళ్లాం. చీల్చిన వెదురు బొంగులోంచి నీళ్లు సన్నగా పడుతున్నాయి. బిందె పెట్టుకుని కూర్చున్న అవ్వ మమ్మల్ని చూసి బిందె పక్కకు జరిపింది. అడ్డాకు దొన్నెలా మడిచి, ముందు మాకు పట్టి ఇచ్చింది. ఆ బిందె నిండటానికి ఆవిడ ఎంతసేపు కూర్చుందో! మన ఇళ్లల్లో గడప తొక్కినవాళ్లకి మొదట మంచినీళ్లే కదా ఇస్తాం. పిల్లలు ఇలాంటివి కళ్లారా చూడాలి, అందుకే ఆ ఊళ్లో ఒక్క పూట కాదు, నాలుగు రోజులు పెడదాం.

ఒక తల్లి (అమెరికా నుంచి):
పంపిణీ తీసేయడం నాకూ నచ్చిందండీ. మలేరియా గురించే కొంచెం టెన్షన్. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటానికి మొహమాటపడుతుంది. ఇబ్బంది ఉంటుందా?

సమన్వయం:
మొహమాటం రాళ్లు మోస్తుంటే పోతుందమ్మా. మలేరియా మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బయలుదేరేముందే అక్కడి డాక్టర్ని కలిసి మాత్రలు రాయించుకోండి. దోమతెరలు మేం చూస్తాం. విదేశీ పాస్‌పోర్టు ఉన్న పిల్లల వివరాలు ఈ నెలలోనే పంపండి. కొండ ఊళ్లలో ఉండటానికి, టిబెటన్లు ఉండే చంద్రగిరికి వెళ్లడానికి ఏయే అనుమతులు కావాలో అధికారులను అడిగి, కాగితం చేతికొచ్చాకే టికెట్లు తీద్దాం. అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదు, సవరల ఇళ్ల గోడల మీది బొమ్మలు కూడా. అవి వాళ్లకు పూజతో ముడిపడినవి.

వంట (పిన్ని):
బాబూ, తేదీలు సరిచూడు. ఆ కొండ ఊళ్లలో సవర క్రైస్తవులు చాలామంది, క్రిస్మస్‌ రోజుల్లో పలుగూ పారా పట్టమంటే ఎలా? పండగయ్యాక పెట్టండి. వంట మనమే చేసి పట్టుకెళ్లడం కూడా వద్దు. ఒక పూట వాళ్లింట్లో చోడి అంబలి, ఒక పూట మన పిల్లలు వండిన పప్పుచారు. సరుకులు మాత్రం మనవే, వాళ్ల గాదె ఖాళీ చేయకూడదు.

సమన్వయం:
పిన్ని చెప్పినట్టే 27 నుంచి 30 వరకు ఊళ్లో పని. 31న చంద్రగిరి. 1963లో టిబెట్ నుంచి వచ్చినవాళ్లకు అక్కడ చోటిచ్చారు. చలికాలంలో చాలామంది స్వెట్టర్లు అమ్మడానికి ఊళ్లు తిరుగుతారు, ఇళ్లల్లో పెద్దవాళ్లే ఎక్కువ. అక్కడ పని అంటూ ఏమీ పెట్టలేదు. 2010లో దలైలామా ప్రారంభించిన జిరంగ్ బౌద్ధ ఆరామం చూసి, మధ్యాహ్నమంతా ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పేది వినడమే.

ఇంకా మనుషులు కావలసినవి: విశాఖ నుంచి గుణుపురం పాసింజరులో పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు ఇద్దరు, సవర, తెలుగు రెండూ వచ్చిన కాలేజీ పిల్లలు కనీసం ముగ్గురు, చేతి తొడుగులు, పారలు, గమేళాలు సమకూర్చేవాళ్లు ఒకరు. సవర వచ్చిన ఆ కాలేజీ పిల్లలకు దారిఖర్చు, రోజు కూలీ సంఘమే ఇస్తుంది, వాళ్ల సమయానికి విలువ కట్టాల్సిందే. ఆదివారం లోపు ఇక్కడే పేరు రాయండి.