డిన్ రెగ్యులేటర్‌ని యోక్ వాల్వు ట్యాంకుకి వాడాలంటే ఏది మంచిది?

అందరికీ నమస్కారం. మాది విశాఖ. వచ్చే నెల అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్‌కి డైవింగ్‌కి వెళ్తున్నాను. జర్మనీలో ఉండే మా బావ తను వాడిన రెగ్యులేటర్ (ట్యాంకులోని గాలి ఒత్తిడిని ఊపిరికి తగ్గట్టు తగ్గించే పరికరం) నాకిచ్చాడు. అది డిన్ రకం, వాల్వు లోపలికి మరమేకులా తిప్పి బిగించేది. నేను వెళ్ళే డైవ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, తమవి 80 క్యూబిక్ అడుగుల అల్యూమినియం ట్యాంకులు, వాల్వులు యోక్‌వి (రెగ్యులేటర్‌ని వాల్వు చుట్టూ చట్రంలా పట్టించి బిగించే రకం) అన్నారు.

మర చుట్లు లెక్కపెట్టాను, 7 ఉన్నాయి. అంటే 300 బార్ ఒత్తిడి రకం. మర వెడల్పు దాదాపు 23 మిల్లీమీటర్లు, కాబట్టి యూరప్‌లో నైట్రాక్స్‌కి (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలికి) వాడే ఎం26 కాదు. కొసనున్న ఓ-రింగ్ మీద గోరు పెట్టి చూస్తే సన్నటి పగులు తగిలింది. సర్వీసింగ్‌లో దాన్ని ఎలాగూ మార్పిస్తాను.

నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, డిన్ మీద బిగించే యోక్ అడాప్టర్. దీనితో ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో ట్యాంకుకి బిగించే భాగం) వెనక్కి పొడుచుకొచ్చి తలకి తగులుతుందంటారు, గాలి లీకయ్యే చోటు కూడా ఒకటి పెరుగుతుంది. రెండోది, ఫస్ట్ స్టేజ్‌నే యోక్‌కి మార్పించేయడం. కానీ రేపు డిన్ ట్యాంకులు దొరికితే?

కొన్ని యోక్ వాల్వుల్లో మధ్యనున్న ఇన్సర్ట్‌ని అలెన్ కీతో తీసేస్తే డిన్ నేరుగా పడుతుంది. అండమాన్‌లో అలాంటివి ఎవరైనా చూశారా? అడాప్టర్‌తో చాలా డైవ్‌లు చేసినవాళ్ళు మీ అనుభవం చెప్పండి, ప్లీజ్. నీళ్ళ కింద ఊపిరి విషయం, ఊహించి కొనలేను.