సమస్య: ఉప్పు లేని కూర యొప్పె మిగుల

నిర్వాహకుడు, కడప:
ఈ వారం సమస్యగా ఇచ్చింది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, దానికి అతికేలా పై మూడు పాదాలు రాసి పూరించడం మీ వంతు. ఉప్పు లేని కూర ఒప్పదన్న వేమన మాటనే తిరగేశాను. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించిన బ్రౌన్ దొర మొదట ఉద్యోగానికి దిగింది మన కడపలోనే కాబట్టి ఈ సమస్య మన గుంపుకే తగుతుందనిపించింది. షరతు ఒక్కటే. సన్నివేశం హోటల్ వంటింట్లో జరగాలి. దోసెల మాస్టరు, కూర వండే అమ్మాయి, మెల్లగా దగ్గరవుతారు, అరుపులూ విలన్లూ లేకుండా హాయిగా నవ్వించే సినిమా ఒకటి మన ఊళ్లో తీస్తే అందులో ఒక సీన్ అనుకోండి. ఉప్పు ఎందుకు లేదు, లేకపోయినా ఎలా ఒప్పింది, రెండింటికీ జవాబు పద్యంలోనే రావాలి.

ప్రొద్దుటూరు సభ్యుడు:
నీవు వేసినావని చెలి యనుకొనఁగ
తాను వేసె ననుచుఁ దలఁచె నతఁడు
వలపు కలిసినంత వంటింటిలోపల
ఉప్పు లేని కూర యొప్పె మిగుల

కర్నూలు అక్క:
ఒకరు వేశారని ఇంకొకరు అనుకోవడం చాలా సహజంగా ఉంది తమ్ముడూ, మా ఇంట్లో నెలకోసారి జరిగేదే. రెండో పాదంలో ‘తాను’ అంటే మాత్రం అతడే వేశాననుకున్నాడనే అర్థం వస్తోంది. ‘తరుణి వేసె ననుచు’ అంటే యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) చెడదు, గణమూ (గురులఘువుల కూర్పు) చెడదు.

నిర్వాహకుడు:
అక్క సవరణ బాగుంది. పాదం చివర సంధి చేయకుండా వదిలేసిన విసంధిని నేను పట్టించుకోను. కానీ ‘వలపు కలిసినంత’ అనేది ఏ కూరకైనా చెప్పొచ్చు, నాలుకకు అందే కారణం కావాలి.

కర్నూలు అక్క:
మాది ఉల్లిగడ్డల మార్కెట్టు ఉన్న ఊరు, అందుకే ఇలా వచ్చింది. మర్నాడు ఆ అమ్మాయి వేరే ఊరి హోటల్లో చేరబోతోంది, అతను అది పైకి చెప్పుకోలేడు.

ఉల్లి తరుగు వేళ నుబికెఁ గన్నీరని
సాకు చెప్పె నతఁడు సఖియ నవ్వ
కంట నీటి చుక్క గరిటలోఁ బడినంత
ఉప్పు లేని కూర యొప్పె మిగుల

ప్రొద్దుటూరు సభ్యుడు:
అక్కా, చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఒక్క సందేహం, హోటల్ డేగిసా కూరకు ఒక్క చుక్క చాలుతుందా?

నిర్వాహకుడు:
అక్క ‘డేగిసాలో’ అనలేదు, ‘గరిటలో’ అంది. రుచి చూడమని ఆ అమ్మాయికి చాచిన గరిట అది. ఆ ఒక్క మాటతో కన్నీటి ఉప్పు లెక్కకు సరిపోయింది, ఆమెకు విషయమూ తెలిసిపోయింది. ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదే.

అనంతపురం కుర్రాడు:
నేను రాయడం ఇదే మొదటిసారి, కాస్త టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

వాఁడు పెనము చెంత వంటగదిని నామె
కూర కలుపుచుండి గుసగుసాడ
దోసె మీద కారం పూసి ఇచ్చెనంత
ఉప్పు లేని కూర యొప్పె మిగుల

నిర్వాహకుడు:
ఆలోచన గట్టిది నాయనా. ఎండుమిరపకాయలూ ఉల్లిగడ్డా ఉప్పూ కలిపి నూరిన ఎర్రకారం దోసె మీద పలచగా పూసి, పైన పప్పుల పొడి చల్లి, మధ్యలో ఉర్లగడ్డ (బంగాళాదుంప) కూర పెట్టి మడిస్తే, కూరలో ఉప్పు లేదని తినేవాడికి తెలియనే తెలియదు. కబుర్లలో పడి ఆమె మరిచిపోయిన ఉప్పును అతని కారం కాపాడింది. ఇద్దరి పనీ ఒకే దోసెలో కలిసింది, ఆ సినిమాకు ఇంతకంటే మంచి సీన్ దొరకదు. ఇక తప్పు మూడో పాదంలో ఉంది. ‘కారం’ అన్నప్పుడు రెండూ గురువులే (బరువుగా పలికే అక్షరాలే), అక్కడ సూర్యగణం రావాలి, అంటే ఒక గురువూ ఒక లఘువూ (తేలిక అక్షరం) ఉన్న గలమో, మూడు లఘువుల నగణమో. యతి కూడా కుదరలేదు. ‘ఎఱ్ఱ కార’ అని మొదలుపెట్టి చూడు, యతికి ‘యి’ దొరుకుతుంది.

అనంతపురం కుర్రాడు:
రాత్రంతా వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను సార్. మూడో పాదం ఇలా మార్చాను, కుదిరిందా?

ఎఱ్ఱ కార మలఁది యిచ్చిన దోసెతో

కర్నూలు అక్క:
కుదిరింది అబ్బీ. నాకు ఇప్పుడే ఆకలేస్తోంది.